వైశ్వానర చూర్ణం: కీళ్ల పట్టుకీ కడుపుబ్బరానికీ ఒకే పొడి. డబ్బా కొనాలా, ఇంట్లో కొట్టుకోవాలా?

ముందు అసలు మాట. వైశ్వానర చూర్ణం కడుపుబ్బరానికీ, తిన్నది అరగక పొట్ట బరువుగా ఉండటానికీ, మలబద్ధకానికీ బాగా పనిచేసే పొడి. కీళ్ల నొప్పుల దగ్గరికొచ్చేసరికి దాని పని అంత సూటిగా ఉండదు. కడుపు బాగోలేనప్పుడల్లా కీళ్లు కూడా పట్టేసేవాళ్లకి కొంత ఉపశమనం ఇస్తుంది. మోకాలి గుజ్జు అరిగిపోయినవాళ్లు దీని ఒక్కదాని మీదే ఆశ పెట్టుకుంటే మిగిలేది నిరాశే. ఈ తేడా చెప్పకుండా అన్ని నొప్పులకీ ఇదే మందని అమ్మే కొట్టులో కొనకండి.

విజయవాడలో ఇది మూడు రకాలుగా దొరుకుతోంది. ఆయుర్వేద మందుల షాపుల్లో సీలు వేసిన డబ్బా ఒకటి. కొన్ని మూలికల కొట్లలో వాళ్లే దంచి పొట్లం కట్టి ఇచ్చే విడి పొడి రెండోది. మూడోది, సరుకులు విడివిడిగా తెచ్చుకుని ఇంట్లో కొట్టుకోవడం. అందులో పడేవన్నీ వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల కిరాణా, మూలికల కొట్లలో ఒక్క పూటలో పోగవుతాయి. గుంటూరు వాళ్లకైతే పట్నం బజారు ఉండనే ఉంది. మూడింటిలో మా ఓటు ఇంటి పొడికే. ఓపిక లేనివాళ్లకి సీలు డబ్బా. విడి పొట్లం మాత్రం వద్దు. ఎందుకో కింద చెప్తాం.

ఇందులో పడేవి ఐదే. సైంధవ లవణం 2 భాగాలు, వాము 2 భాగాలు, అజమోదం (వాములాంటి గింజలు) 3 భాగాలు, శొంఠి 5 భాగాలు, కరక్కాయ పెచ్చులు 12 భాగాలు. మొత్తం 24 భాగాలు. అంటే సగానికి సగం కరక్కాయే. ఈ ఒక్క సంగతి గుర్తుంటే చాలు, పొడి మంచిదో కాదో సగం తెలిసిపోతుంది. ఆమవాతానికి, అంటే అరగని ఆమం కీళ్లలో చేరి పట్టేస్తుందని వైద్యులు చెప్పే జబ్బుకి, పాత వైద్య గ్రంథాల్లో ఉన్న కొలత ఇదే. ఒకే పొడిని కీళ్లకీ కడుపుకీ వాడటం వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే. కడుపులో అరిగించే అగ్ని మందగిస్తే తిన్నది సరిగా పచనం కాదు, ఆ మిగులే కీళ్లలో బరువుగా, బిగుతుగా తేలుతుంది, కాబట్టి ముందు అగ్నిని లేపాలి అంటారు.

డబ్బా కొనేటప్పుడు లేబుల్ మీద ఈ కొలత సరిచూసుకోండి. చాలా కంపెనీలు 10 గ్రాముల లెక్కన రాస్తాయి. ఆ లెక్కలో కరక్కాయ 5 గ్రాములు, శొంఠి 2.08, అజమోదం 1.25, వాము 0.83, సైంధవ లవణం 0.83 ఉండాలి. కరక్కాయ 5 గ్రాముల కంటే బాగా తక్కువుండి శొంఠో ఉప్పో ఎక్కువుంటే అది వేరే యోగం, అంటే వేరే మందు కూర్పు. పేరు ఒకటే అయినా పని ఒకటి కాదు. లేబుల్ మీద ఇంకా చూడాల్సినవి: 'ఆయుర్వేద ఔషధం' అన్న మాట, తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ. చూర్ణాలకి గడువు తయారైన రోజు నుంచి 2 ఏళ్లు. వాము, శొంఠి వాసన మాత్రం అంతకంటే చాలా ముందే పోతుంది కాబట్టి ఆరు నెలల లోపు తయారైన డబ్బా అడిగి తీసుకోండి. కొన్ని ప్యాకెట్ల మీద మందు లైసెన్సు ఉండదు, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఒక్కటే ఉంటుంది. అది ఆహార పదార్థం కింద తీసుకున్న అనుమతి. దాన్ని మందుగా వాడదామనుకుంటే పక్కన పెట్టేయండి.

డబ్బా పొడిలో మెచ్చుకోవాల్సింది దాని నునుపు. వేళ్ల మధ్య రుద్దితే గరుకు తగలదు, గొంతుకి పీచు అడ్డం పడదు. ఇంట్లో అంత మెత్తగా రావాలంటే గుడ్డతో జల్లించాల్సిందే. దాని లోపం వాసన. మూత తియ్యగానే వాము ఘాటు ముక్కుకి తగలాలి. తగలకపోతే ఆ డబ్బా షాపులో చాలాకాలంగా పడి ఉన్నట్టే. రుచి వరస కూడా గమనించండి. నాలిక మీద వేసుకోగానే ఉప్పు, వెంటనే శొంఠి, వాముల కారం, ఆఖర్న చాలాసేపు నిలిచే వగరు. ఆ వగరు కరక్కాయది. అది లేకుండా ఉప్పూ కారమే తెలుస్తుంటే కరక్కాయ తగ్గించారన్నమాట.

కరక్కాయ ఉందో లేదో ఇంట్లోనే చూసుకునే తేలికైన పద్ధతి ఒకటుంది. పావు గ్లాసు వేడినీళ్లలో అర చెంచా పొడి కలిపి పది నిమిషాలు ఉంచి పైనీళ్లు వంచండి. అందులో ఒక తుప్పు మేకు వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి ఆ నీళ్లు సిరా లాగా నల్లబడాలి. కరక్కాయలోని వగరు ఇనుముతో కలిస్తే నలుపు పుడుతుంది. పెడనలో కలంకారీ పని చేసేవాళ్లు గుడ్డని ముందు కరక్కాయ నీళ్లలో నానబెట్టి, ఆ తర్వాత తుప్పు ఇనుము ఊరేసిన నీళ్లతో నల్ల అచ్చు వేసేది ఈ గుణాన్ని పట్టుకునే. నీళ్లు నల్లబడ్డాయంటే వగరు సరుకు ఉందని అర్థం. ఎంత ఉందో మాత్రం ఈ పరీక్ష చెప్పదు, దానికి లేబుల్, నాలిక రెండూ కావాలి. మేకు వేసిన నీళ్లు పారబోయండి, తాగేవి కావు. ఇదే కారణం చేత ఈ పొడిని ఇనుప కల్వంలో దంచకూడదు, ఇనుప మూకుట్లో వేయించకూడదు, ఇనుప డబ్బాలో నిలవ చేయకూడదు. రాతి రోలు, స్టీలు మిక్సీ గిన్నె, గాజు సీసా, ఇవి చాలు.

ఇక ఇంటి తయారీ. 240 గ్రాముల పొడికి సైంధవ లవణం 20, వాము 20, అజమోదం 30, శొంఠి 50, కరక్కాయ పెచ్చుల పొడి 120 గ్రాములు. ఇవన్నీ జల్లించిన తర్వాత ఉండాల్సిన బరువులు. అందరూ తప్పేది ఇక్కడే. సరుకుని తూకం వేసి కొట్టేస్తారు. శొంఠిలో పీచు జల్లెడ మీదే మిగిలిపోతుంది, కరక్కాయలో గింజ పోతుంది, ఉప్పు మాత్రం ఉన్నది ఉన్నట్టు పడిపోతుంది. చివరికి వచ్చేది ఉప్పు ఎక్కువైన పొడి. చెంచాలతో కొలిస్తే ఇంకా ఘోరం. ఉప్పు బరువుగా కూర్చుంటుంది, కరక్కాయ పొడి తేలిగ్గా గుల్లగా ఉంటుంది, చెంచాకి చెంచా లెక్కేస్తే నిష్పత్తి పూర్తిగా తలకిందులవుతుంది. ఒక గ్రాము తేడా చూపే వంటింటి కాటా లేకపోతే ఈ పని పెట్టుకోకండి.

కరక్కాయలు కొనేటప్పుడు చేతిలో పెట్టుకుని చూడాలి. చిన్నగా ఉన్నా బరువుగా, గట్టిగా, పసుపు కలిసిన గోధుమరంగులో ఉండాలి. మంచి కాయ నీళ్లలో మునుగుతుందని పాతవాళ్లు చెప్పిన గుర్తు ఇప్పటికీ పనికొస్తుంది. కొట్టువాళ్లు ఒకటి రెండు కాయలు నీళ్లలో వేసి చూస్తామంటే కాదనరు. తేలేవి ఎండి బోలుపడినవో, పుచ్చినవో. కాయ మీద సూదిమొన అంత బెజ్జం కనపడితే లోపల పురుగు తిన్నట్టే, తీసి అవతల పెట్టండి. గింజ తీసేస్తే బరువు బాగా పడిపోతుంది కాబట్టి 120 గ్రాముల పొడికి కనీసం పావుకిలో కాయలు తెచ్చుకోవాలి, పుచ్చుకీ పోతకీ ఇంకో 50 గ్రాములు కలుపుకుంటే నిశ్చింత. కొన్ని కొట్లలో పెచ్చులు విడిగా అమ్ముతారు. పని తగ్గుతుంది గానీ అందులో గింజ ముక్కలు ఉన్నాయేమో ఏరుకోవాలి. గింజ కూడా కలిపి ఆడించిన పొడి పాలిపోయి, పళ్ల కింద ఇసకలా కరకరలాడుతుంది. విడి పొట్లాల్లో మాకు ఎక్కువగా కనపడే లోపం ఇదే.

శొంఠి తెల్లగా సున్నం పూసినట్టున్నది వద్దు. పురుగు పట్టకుండా, చూపుకి బాగుండేలా సున్నంనీళ్లలో ముంచి ఎండబెట్టిన సరుకు అది. మట్టిరంగులో, ముడతలు పడి, విరిస్తే టక్కున విరిగి ఘాటు కొట్టే కొమ్ములు తీసుకోండి. విరిచిన చోట నల్లటి పొడి రాలితే అది పుచ్చు. శొంఠిని నేరుగా మిక్సీలో వేస్తే బ్లేడు దెబ్బతింటుంది. ముందు రోట్లో చితక్కొట్టి ముక్కలు చేయాలి.

అజమోదం దగ్గర కాస్త పట్టు పట్టాల్సి ఉంటుంది. అడిగితే కొందరు ఇంకో పొట్లం వామే చేతిలో పెడతారు. రెండూ ఒకే కుటుంబంవి, గింజలూ ఒకలాగే ఉంటాయి. నలిపి వాసన చూస్తే తేడా తెలుస్తుంది. వాము ఘాటు ముక్కు లోపలికి పొడుచుకుపోతుంది, అజమోదం వాసన మెత్తగా, ఆకుకూర వాసనకి దగ్గరగా ఉంటుంది. ఎంత వెతికినా దొరక్కపోతే దాని బదులు వామే వేయడం వాడుకలో ఉన్న పద్ధతే. ఘాటు మాత్రం పెరుగుతుంది, కడుపులో మంట ఉండేవాళ్లు తట్టుకోలేరు. సైంధవ లవణానికి గులాబిరంగు రాయి తీసుకుని ఇంట్లో దంచుకోవడమే మేలు.

ఎండబెట్టడం వేసవిలో పెద్ద పని కాదు. విజయవాడ ఎండకి ఒక్క రోజులో పెచ్చులు పెళుసవుతాయి. వంచితే తోలులా వంగకుండా విరగాలి, అప్పుడే మిక్సీకి సిద్ధం. వానాకాలంలో అయితే మందపాటి స్టీలు మూకుట్లో సన్నసెగ మీద వెచ్చబెట్టుకోవాలి. రంగు మారేదాకా వేయించకూడదు. వామునీ అజమోదాన్నీ చేతికి వెచ్చగా తగిలేదాకా వేడి చేసి దించేయండి. మాడువాసన వచ్చిందంటే గ్యాసు తగ్గించే నూనె ఆవిరైపోయినట్టే.

ఐదింటినీ విడివిడిగానే ఆడించాలి. గట్టిదనం ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. అన్నీ ఒకేసారి వేస్తే వాము మెత్తబడి నూనె వదిలి గిన్నెకి అంటుకుంటుంది, శొంఠి ముక్కలు ముక్కలుగానే మిగిలిపోతాయి. మిక్సీని ఇరవై ముప్పై సెకన్ల చొప్పున తిప్పి ఆపుతూ ఉండండి. గిన్నె వేడెక్కితే వాసన పోతుంది. పల్చటి నూలుగుడ్డ గిన్నె మీద బిగించి కట్టి, ఒక్కో పొడినీ వేళ్లతో రుద్దుతూ జల్లించండి. మీద మిగిలిన శొంఠి పీచు పారేయకండి, టీలో మరిగించుకోవచ్చు. ఆ తర్వాత కాటా మీద తూచుకుని, ముందు ఉప్పూ వామూ కలిపి, ఆ మిశ్రమంలో అజమోదం, తర్వాత శొంఠి, ఆఖర్న కరక్కాయ పొడి వేయాలి. తక్కువ ఉన్నదాంట్లోకి ఎక్కువ ఉన్నదాన్ని కొంచెం కొంచెంగా కలుపుకుంటూ పోతేనే ఉప్పు ఒకచోట పేరుకోకుండా సమంగా పరుచుకుంటుంది. మొత్తం కలిపాక ఇంకోసారి జల్లిస్తే రంగు ఒకే తీరుగా వస్తుంది.

మరకి మాత్రం పంపకండి. మన ఊళ్లలో మర అంటే ఎక్కువగా కారం ఆడే మరే. గుంటూరు మిరప ఆడిన మరలో ఆ వెంటనే మీ కరక్కాయ వేస్తే, ఎంత దులిపినా రాళ్ల సందుల్లోని కారం ఇందులోకి దిగుతుంది. తర్వాత కడుపు మండితే మందు పడలేదనుకుంటారు. పడనిది ఆ మిరప.

నిలవకి గాజు సీసా, గట్టి మూత. ఇందులో ఉప్పు ఉంది కాబట్టి గాలిలో తేమ లాగేసుకుని గడ్డ కడుతుంది. కృష్ణ ఒడ్డున ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఈ బెడద ఎక్కువ. దానికి రెండు మార్గాలున్నాయి. ఉప్పుని దంచాక పొడి మూకుట్లో బాగా వేడిచేసి పూర్తిగా చల్లారాక కలపడం ఒకటి. వానాకాలం పోయేదాకా ఉప్పు కలపకుండా నాలుగు సరుకుల పొడి విడిగా ఉంచుకుని, వారానికి సరిపడా కలుపుకోవడం రెండోది. అలా ఉంచుకుంటే 11 గ్రాముల పొడికి 1 గ్రాము ఉప్పు పడుతుంది. తడి చెంచా పెడితే ఎంత మంచి పొడైనా పాడవుతుంది. పొడి మీద బూజు వాసన వచ్చినా, తెల్లటి నూగు కనపడినా మొత్తం పారేయండి, ఎండబెట్టి వాడుకుందామనుకోకండి. ఇంటి పొడిని రెండు మూడు నెలల్లో అయిపోయేంతే చేసుకోవాలి.

ఇక వాడే తీరు. పెద్దవాళ్లు తలకొట్టిన అర చెంచాతో మొదలుపెట్టాలి, అది సుమారు ఒకటిన్నర గ్రాములు. మూడు నాలుగు రోజులు చూసి, విరేచనం పల్చబడకపోతే చెంచా దాకా పెంచుకోవచ్చు. దేనికోసం వాడుతున్నామన్నదాన్ని బట్టి వేళ మారుతుంది. అజీర్తి, ఉబ్బరం అయితే భోజనంలో మొదటి ముద్దలో వేడన్నం, నెయ్యితో కలుపుకుని తినడమే అన్నిటికంటే మంచిది. శొంఠిపొడితో మొదటి ముద్ద తినే అలవాటు మన ఇళ్లలో ఉన్నదే, అదే చోట ఇది కూర్చుంటుంది, పైగా నెయ్యి వల్ల వగరు గొంతు పట్టదు. మలబద్ధకానికైతే రాత్రి భోజనమయ్యాక అరగంటకి గ్లాసు వేడినీళ్లతో. కీళ్ల పట్టుకి పొద్దునా రాత్రీ తిన్నాక వేడినీళ్లతో. మధ్యాహ్నం పూట పల్చటి, పులవని, వెన్న తీసిన మజ్జిగతో వేసుకున్నా మంచిదే. పాత పద్ధతిలో పులిసిన గంజినీళ్లు కూడా దీనికి అనుపానంగా, అంటే మందుతో పాటు తాగేదిగా చెప్పారు, మన తరవాణి లాంటివి. ఇంట్లో తరవాణి పెట్టేవాళ్లు ఎండాకాలంలో దాంతో తీసుకోవచ్చు, పుల్లటి తేన్పులు వచ్చేవాళ్లు మాత్రం మానాలి. చల్లటి నీళ్లతో వేసుకుంటే శొంఠి, వాముల పని సగం చల్లారిపోతుందంటారు వైద్యులు, ఫ్రిజ్ నీళ్ల జోలికి పోకండి. పరగడుపున ఉత్తపొడి నోట్లో వేసుకుంటే మంట రావడం ఖాయం.

ఫలితం ఎప్పుడు కనపడుతుందన్నది సూటిగా చెప్పుకుందాం. ఉబ్బరం, గ్యాసు మూడు నాలుగు రోజుల్లో తగ్గుముఖం పడతాయి. విరేచనం మర్నాడే తెలుస్తుంది. కీళ్లకి మూడు నాలుగు వారాలు చూడాలి. రాత్రి పెరుగు, మినప గారెలు, పడుకోబోయే ముందు కడుపునిండా భోజనం, ఇవన్నీ అలాగే సాగిస్తూ పొడి పనిచేయలేదంటే అది న్యాయం కాదు. నెల దాటినా కీళ్లలో మార్పు లేకపోతే మోతాదు పెంచుకుంటూ పోకండి, ఆపేయండి. శాస్త్రం వైపు నుంచి చూస్తే, మోకాలి అరుగుదల నొప్పి మీద అల్లానికి పరీక్షలు జరిగాయి, వాటిలో కనపడిన ఉపశమనం కొద్దిపాటిదే. ఈ పొడిలో శొంఠి ఐదో వంతు మాత్రమే. కాబట్టి కీళ్ల వైపు ఆశ ఆ మేరకే పెట్టుకోవాలి. అరగడం వైపు మాత్రం వాము, శొంఠి, కరక్కాయ మూడూ ఒకదానికొకటి తోడై నిలుస్తాయి, అక్కడ దీనికి మేం పూర్తి మార్కులు వేస్తాం.

ఎవరికి పడదో ఇప్పుడు చెప్పాలి, ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. మన వైపు తిండిలో కారం ఎక్కువ. ఆవకాయ, గోంగూర, ఎండుమిర్చి రోజూ ఉండే ఇళ్లలో కడుపు బాధ అనగానే ఉబ్బరమా మంటా అన్నది ముందు తేల్చుకోవాలి. పొట్ట బిగిసి తేన్పులు వచ్చేది వేరు, ఛాతీ కింద నిప్పు పెట్టినట్టుండేది వేరు. మంట ఉన్నవాళ్లకీ, అల్సరు ఉన్నవాళ్లకీ శొంఠి, వాము ఆజ్యం పోసినట్టే అవుతాయి. వాళ్లు దీన్ని ముట్టుకోకూడదు. విరేచనాలు పల్చగా అవుతున్నవాళ్లు కూడా దూరంగా ఉండాలి. ఉపవాసాల్లో ఉన్నవాళ్లు, బాగా నీరసించినవాళ్లు, గర్భిణులు కరక్కాయ తీసుకోకూడదని ఆయుర్వేదమే చెప్తోంది. పాలిచ్చే తల్లులు వైద్యుణ్ని అడక్కుండా మొదలుపెట్టొద్దు.

బీపీ, కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లు ఉప్పు లెక్క చూసుకోవాలి. సైంధవ లవణం కాబట్టి బీపీకి ఫర్వాలేదన్న మాట చాలామంది నోట వినపడుతుంది. అది కూడా సోడియం క్లోరైడే. పొడిలో పన్నెండో వంతు ఉప్పు. రోజుకి రెండుసార్లు 3 గ్రాముల చొప్పున తీసుకుంటే అర గ్రాము ఉప్పు లోపలికి పోతుంది. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తున్నప్పుడు, పచ్చళ్లు తినే ఇంట్లో ఈ అర గ్రాము చిన్నదేం కాదు. ఉప్పు కలపని నాలుగు సరుకుల పొడి చేసుకుని వైద్యుడి సలహాతో వాడుకోవడం వాళ్లకి దారి.

వేసుకునే మాత్రలతో కూడా జాగ్రత్త కావాలి. కరక్కాయలోని వగరు ఐరన్‌ని కడుపులోనే పట్టేస్తుంది. పైన చెప్పిన మేకు పరీక్షలో నలుపు ఎలా పుట్టిందో అదే పని లోపల జరుగుతుంది. రక్తహీనతకి ఐరన్ మాత్రలు వాడేవాళ్లు కనీసం రెండు గంటల ఎడం పాటించాలి. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకునేవాళ్లు పొద్దుటి మోతాదు మానేసి మధ్యాహ్నానికో రాత్రికో మార్చుకోవాలి. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు శొంఠిని రోజూ మందు మోతాదులో తీసుకునే ముందు డాక్టరుకి చెప్పి తీరాలి. షుగరు మాత్రలు వాడేవాళ్లు మొదటి రెండు వారాలు షుగరు ఎక్కువసార్లు చూసుకోవాలి. ఆపరేషను ఉందంటే ముందుగానే ఈ పొడి వాడుతున్న సంగతి డాక్టరుకి చెప్పండి.

కీళ్ల నొప్పి అనగానే పొడి డబ్బా వెతుక్కోకూడని పరిస్థితులు ఇవి. పొద్దున్నే లేచాక వేళ్ల బిగుతు గంట దాటినా సడలకపోవడం, రెండు చేతుల కణుపులూ ఒకేలా వాయడం, కీలు ఎర్రబడి ముట్టుకుంటే కాలడం, జ్వరం ఉండటం, కాలి బొటనవేలి మొదలు ఒక్క రాత్రిలో వాచి దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోవడం. చివరిది యూరిక్ ఆసిడ్ లక్షణం కావచ్చు, రక్తపరీక్షతో తెలుస్తుంది. మొదటి రెండూ రుమటాయిడ్ కీళ్లవాతానికి గుర్తులు. దానికి మొదటి నెలల్లోనే సరైన మందు పడకపోతే కీలు శాశ్వతంగా వంకరపోతుంది. ఆ నెలల్ని చూర్ణాలతో గడిపేయడం ఎవరికీ మంచిది కాదు. ఆయుర్వేదమే కావాలనుకునేవాళ్లకి విజయవాడలో డాక్టర్ నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది, దాని అనుబంధ ఆసుపత్రిలో నాడి, నాలిక చూసి, మీ వయసుకీ మిగతా జబ్బులకీ తగ్గట్టు మోతాదు రాస్తారు. ఆమవాతానికి వాళ్లు ఆముదమో గుగ్గులు మాత్రలో కలిపి ఇవ్వొచ్చు. ఆముదం సొంతంగా కలుపుకోకండి, కరక్కాయకి తోడు అది కూడా పడితే విరేచనాలు పట్టుకోవడం కష్టం.

ఇప్పుడు విడి పొట్లాల సంగతి. పేరు, కొలత, లైసెన్సు, తేదీ ఏదీ లేకుండా కీళ్ల నొప్పుల పొడి అని ఇచ్చే పొట్లంలో ఏముందో ఇచ్చినవాళ్లకే తెలియాలి. మామూలు లోపాలు పైన చెప్పినవే, గింజతో సహా ఆడించడం, అజమోదం బదులు వాము, పాత సరుకు. అసలు భయం ఇంకోటి. కొన్ని నాటు పొడుల్లో స్టెరాయిడ్, నొప్పి మాత్రలు దంచి కలుపుతారు. దాన్ని గుర్తుపట్టే తీరు ఉంది. ఏళ్ల తరబడి వదలని నొప్పి ఒకటి రెండు రోజుల్లో మంత్రం వేసినట్టు మాయమవుతుంది, ఆకలి విపరీతంగా పెరుగుతుంది, కొన్ని వారాలకి మొహం ఉబ్బి గుండ్రంగా తయారవుతుంది, షుగరు, బీపీ పెరుగుతాయి, పొడి మానేసిన రెండో రోజే నొప్పి రెట్టింపై తిరిగొస్తుంది. వైశ్వానర చూర్ణంలోని ఐదు సరుకుల్లో ఏదీ ఇలా చేయదు. ఇలాంటి పొడి నెలల తరబడి వాడుతున్నవాళ్లు భయపడి ఒక్కసారిగా ఆపేయకండి. స్టెరాయిడ్‌కి అలవాటుపడిన ఒంటికి అది ఉన్నట్టుండి ఆగితే ప్రాణం మీదికి వస్తుంది. పొట్లం చేత్తో పట్టుకుని జనరల్ ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి, మెల్లమెల్లగా ఎలా తగ్గించాలో చెప్తారు.

ఇదే యోగం మాత్రల రూపంలో కూడా ఎక్కడైనా దొరకొచ్చు. వగరు అస్సలు మింగలేనివాళ్లకి, ప్రయాణాల్లో ఉండేవాళ్లకి వీలుగా ఉంటుంది. కానీ ఒక్కో మాత్రలో అర గ్రాము పొడి ఉంటే, చెంచాకి సమానం కావాలంటే ఆరు మింగాలి. పైగా మొదటి ముద్దలో నెయ్యితో కలుపుకునే సౌకర్యం పోతుంది. లేబుల్ మీద ఒక్కో మాత్రలో ఎన్ని మిల్లీగ్రాముల పొడి ఉందో చూసి, ఈ లెక్క వేసుకున్నాకే కొనండి.